ముద్ద వచ్చాడా, వచ్చిందా, వచ్చారా

నేను జపాన్‌లో పదేళ్లు ఉన్నాను. ఈ మాట ముప్పై నాలుగేళ్లపాటు ప్రతి కొత్త బ్యాచ్‌కీ మొదటి క్లాసులో చెప్పాను. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి నిజం చెప్పినా నష్టం లేదు. పది నెలలు. అందులో రెండు నెలలు జలుబుతో దుప్పటి కింద గడిచాయి. మిగిలిన ఎనిమిది నెలల జపాన్‌నే పలచగా పూసి ముప్పై నాలుగేళ్లు పిల్లలకు వడ్డించాను.

జపనీస్ నేర్చుకుని అనువాదంలోకి దిగుదామనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏ పరీక్ష రాయాలో, ఏ కంపెనీ ఎంతమందిని తీసుకుంటుందో మీ సీనియర్లు నాకంటే బాగా చెప్తారు. నేను చెప్పగలిగింది పని గురించి. అది నాకు నేర్పింది ఎక్కువగా నా తప్పులే. వాటిలో పెద్దది తార్నాకలో చేశాను. దాని ఫలితం లాలాగూడలో తేలింది.

ఆకుపచ్చ పెన్సిలు

యూనివర్సిటీలో చేరిన కొత్తలో మా జపనీస్ విభాగం హెడ్ శేషగిరి గారు. ఆయన దగ్గర ఎప్పుడూ ఒక ఆకుపచ్చ పెన్సిలు ఉండేది. నా మొదటి అనువాదం, ఒక చిన్న కథ, ఆయనకు చూపించాను. మూలంలో 'వాన పడింది' అని ఉంది. నేను 'ఆకాశం గుండె పగిలి భోరున విలపించింది' అని రాశాను. ఆయన దాని చుట్టూ ఆకుపచ్చ సున్నా చుట్టారు.

"ఇది ఎవరి మాట?"

"అర్థం అదే కదా సర్."

"అక్కడ వాన పడింది. ఇక్కడ మీరు పడ్డారు."

ఆ రోజు నుంచి నేను మూలంలో లేని మాట ఒక్కటి కూడా కలపలేదు. అంటే, ఆ రోజు సాయంత్రం దాకా. కానీ 'ఇది ఎవరి మాట' అన్న ప్రశ్న మాత్రం చెవిలో ఉండిపోయింది. చాలా ఏళ్ల తర్వాత అదే ప్రశ్న ఒక స్టూడెంట్ నోటి నుంచి విన్నప్పుడు, శేషగిరి గారే పెన్సిలు పట్టుకుని తిరిగొచ్చారేమో అనిపించింది.

దాహం

జపనీస్‌లో 'నేను' ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ఆడపిల్లలు చిన్నప్పటి నుంచీ ఎక్కువగా 'వతాషి' అంటారు. మగపిల్లలు 'బొకు' అంటారు. ఇది నేర్పడానికి నేనొక పద్ధతి కనిపెట్టాను. ఆడపిల్లలను కిటికీ వైపు, మగపిల్లలను తలుపు వైపు నిలబెట్టి, వీళ్ల చేత ఒకటి, వాళ్ల చేత ఒకటి వల్లె వేయించేవాణ్ణి. ముప్పై ఏళ్లకు పైగా నడిచిన పద్ధతి. నా సర్వీసు చివరి సంవత్సరంలో అది వాటర్ ఫిల్టర్ దగ్గర ఆగిపోయింది.

ఆ ఫిల్టరు క్లాసు వెనక, సరిగ్గా మధ్యలో ఉండేది. జట్లు చేయగానే ఒకరు అక్కడికి వెళ్లి నీళ్లు తాగుతూ నిలబడేవారు. పొట్టి జుట్టు, మోచేతుల దాకా మడిచిన చొక్కా. రిజిస్టరులో కిరణ్మయి. లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. మూడు రోజులు చూసి నాలుగో రోజు అడిగాను.

"ఎంత దాహం అమ్మా నీకు?"

"మీరు జట్లు చేసినప్పుడల్లా అయితది సర్."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, అర్థం కాకుండానే. క్లాసు అయ్యాక ఆ స్టూడెంటే నా బల్ల దగ్గరికి వచ్చారు.

"ఈ రెండు కాకుండ ఇంకో 'నేను' లేదా సర్?"

"ఉంది. 'జిబున్'. తాను, స్వయంగా, అన్నట్టు ఉంటుంది."

"అది ఆడోళ్లదా, మగోళ్లదా?"

"ఫలానా వాళ్లదని లేదు."

"అయితే అది నాకియ్యండి. ఇంకోటి సర్, కిరణ్మయిల 'మయి' రిజిస్టర్ల ఉండనియ్యండి. పిలిచేటప్పుడు తీసెయ్యండి. నేను అమ్మాయిని కాను, అబ్బాయిని కాను. కిరణ్‌ని."

విశాల హృదయుణ్ణి కదా, నేను వెంటనే అర్థం చేసుకున్నాను. ఇది కూడా అబద్ధమే. రెండు నెలలపాటు నోటికి 'అమ్మాయ్' అనే వచ్చేది. అన్నప్పుడల్లా కిరణ్ వెనక్కి తిరిగి, నేను పిలిచిన అమ్మాయి ఎక్కడుందా అని నిజాయితీగా వెతికేవారు. ఆ వెతుకులాట నాలుగైదుసార్లు చూశాక నా నాలుకకు బుద్ధి వచ్చింది. కిటికీ వైపు, తలుపు వైపు పద్ధతి కూడా ఆపేశాను. ఎవరికి నచ్చిన 'నేను' వాళ్లు ఎంచుకోండి అన్నాను. వ్యాకరణానికి ఏమీ కాలేదు.

వయసులో మనవల ఈడు ఉన్న స్టూడెంట్‌ను 'వచ్చారు, అన్నారు' అని రాస్తున్నానేమిటని మీరు అనుకుంటూ ఉంటారు. కొంచెం ఆగండి, అక్కడికే వస్తున్నాను.

అన్నం ముద్ద తల

జపాన్‌లో సొంత జీవితాన్ని బొమ్మల్లో చెప్పుకునే అలవాటు ఎక్కువ. ఆడపిల్లగా పుట్టావని చెప్పినా ఆడపిల్ల కాని వాళ్లు, మగవాడివని చెప్పినా కాని వాళ్లు, రెండూ కాని వాళ్లు, ఇలా చాలామంది తమ కథలు గీసుకున్నారు. అలాంటివి నేను కొన్ని వందలు చదివాను. సరే, పద్నాలుగు. అందులో పన్నెండు కిరణ్ తెచ్చిచ్చినవే.

వాటిలో ఒకటి మా ఇద్దరినీ పట్టుకుంది. అది గీసిన వారు తమను తాము మనిషిలా గీసుకోలేదు. తల స్థానంలో ఒక అన్నం ముద్ద, దాని మీద మూడు వెంట్రుకలు. పుస్తకంలో మిగతా అందరికీ ముక్కులు, మీసాలు, జడలు ఉంటాయి. ముద్దకు మాత్రం ఎవరు ఏ బట్ట తొడిగితే ఆ బట్ట. మొదటి పేజీలో, పన్నెండేళ్ల వయసులో, ఇంట్లో వాళ్లు కొత్త స్కూలు యూనిఫాం లంగా తొడుగుతారు. ఇంకోచోట ఊరి స్నానశాల ముందు రెండు తెరలు కనిపిస్తాయి, ఒకటి ఆడవాళ్లకు, ఒకటి మగవాళ్లకు. ముద్ద తువ్వాలు భుజాన వేసుకుని గంటసేపు నిలబడి, ఇంటికొచ్చి బకెట్లో కాళ్లు కడుక్కుని పడుకుంటారు. చివరికి ప్యాంటూ చొక్కా వేసుకుని, ఒక చిన్న రొట్టెల దుకాణం పెట్టుకుంటారు. ఆఖరి పేజీలో తండ్రి వచ్చి ఒక రొట్టె అడుగుతాడు. అంతే కథ. పేజీకి నాలుగు గళ్లు, ఒకదాని కింద ఒకటి. ఏ పేజీకా పేజీ ఒక చిన్న సంఘటన.

అక్షరాల్లో రాస్తే ప్రతి వాక్యానికీ ఆడా మగా తేల్చాలి. బొమ్మకు ఆ అవసరం లేదు. ముద్దను చూసి ఎవరూ ఏమీ అడగరు. నవ్వుతుందా ఏడుస్తుందా అన్నదొక్కటే చూస్తారు.

"ఇది తెలుగులకు చేద్దాం సర్," అన్నారు కిరణ్.

"ఎవరు చదువుతారు?"

"మా బాపు."

కిరణ్ నాన్నగారు మల్లేశం రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. తెలుగు తప్ప ఇంకేదీ చదవరు. ఆ మార్చి ఆఖరున ఆయన రిటైర్మెంటు. వర్క్‌షాప్‌లో సన్మానం చేస్తారు, స్టేజి మీద భార్యాపిల్లలను కూర్చోబెడతారు. దానికోసం ఆయన కూతురికి చిలకాకుపచ్చ పట్టుచీర కొని తెచ్చారు.

"చీర కట్టుకుంటే ఆ స్టేజి మీద ఉండేది నేను కాదు సర్. కట్టుకోనంటే బాపు నన్ను స్టేజి ఎక్కనియ్యడు. ముప్పై ఆరేళ్లు పని చేసిండు. ఆ ఒక్కరోజు నేను పక్కన లేకుంటే ఎట్ల? చెప్దామని నాలుగుసార్లు పోయిన. నోరు వస్తలేదు. ముద్ద చెప్తే వింటడేమో."

పుస్తకం గీసిన వారికి కిరణ్ ఉత్తరం రాశారు. అనుమతి వచ్చింది. చివర సంతకం బదులు ఒక అన్నం ముద్ద వంగి నమస్కారం పెడుతూ ఉంది.

డు, ది, రు

పని తార్నాకలో మా డైనింగ్ టేబుల్ మీద జరిగింది. అప్పటికి నేను రిటైరయ్యాను. మా ఆవిడ టీ ఇచ్చి, "ఈయన చెప్పేదాంట్లో సగం తీసేసి రాసుకో," అని కిరణ్‌కు సలహా కూడా ఇచ్చేది.

మొదటి చిక్కు చోటు. జపనీస్ పై నుంచి కిందికి రాస్తారు కాబట్టి మాటల బుడగలు పొడుగ్గా, సన్నగా ఉంటాయి. మన అక్షరాలు గుండ్రంగా, వత్తులతో సహా వచ్చి కూర్చుంటాయి. నేను 'నిర్ణయించుకుంటున్నాను' అని రాస్తే బుడగ పగిలిపోయేలా ఉంది. కిరణ్ దాన్ని కొట్టేసి 'అనుకుంటున్న' అని రాశారు. హాయిగా పట్టింది. నేను పుస్తక భాష అని పట్టుబట్టిన చోటల్లా లాలాగూడ భాష గెలిచింది. స్థలం దానికే ఓటేసింది.

రెండో చిక్కు అసలైనది. జపనీస్‌లో 'నేను' అనగానే చాలాసార్లు ఆడా మగా తెలిసిపోతుంది. క్రియకు మాత్రం ఏ పట్టింపూ లేదు. వచ్చింది ఎవరైనా ఒకటే మాట. తెలుగు సరిగ్గా ఎదురు. మన 'నేను' అందరిదీ. నేను వచ్చాను అంటే ఎవరూ ఆరా తీయరు.

"అందుకే సర్, నేను ఎప్పుడూ నా గురించే మాట్లాడుత," అన్నారు కిరణ్. "పక్కోళ్లు నా గురించి మాట్లాడితేనే లొల్లి."

పుస్తకంలో ముద్ద తన కథను 'ముద్ద ఇలా చేసిన రోజు' అన్నట్టు, వేరే ఎవరి కథో చెప్తున్నట్టు చెప్తారు. ప్రతి గడి కిందా ఒక వాక్యం, ప్రతి వాక్యం చివరా ఒక క్రియ. నేను ఒక్క ఊపులో 'ముద్ద వచ్చాడు, తిన్నాడు, ఏడ్చాడు' అని నలభై పేజీలు దంచేశాను. ప్యాంటు వేసుకోవాలనుకుంటున్న మనిషికి 'డు' ఇచ్చి పెద్ద ఉపకారం చేశాననుకున్నాను. కిరణ్ చదివి, పేపర్లు బల్ల మీద పెట్టారు.

"ఈ 'డు' ఎవరి మాట సర్? ముద్దదా, మీదా?"

ఆకుపచ్చ పెన్సిలు గుర్తొచ్చింది. మూలంలో 'డు' లేదు. నేనే పెట్టాను. సరే అని 'ముద్ద వచ్చింది' అని మార్చాను. మన భాషలో మేక వచ్చినా వచ్చింది, మేనత్త వచ్చినా వచ్చింది. అది ముద్దను మళ్లీ లంగాలోకి తోసింది, లేదా వస్తువును చేసింది.

అప్పుడు నా అనుభవమంతా రంగరించి ఒక పరిష్కారం కనిపెట్టాను. 'రు'. వచ్చారు, తిన్నారు, ఏడ్చారు. ఆడా లేదు, మగా లేదు.

ఈ వాక్యాలు రాసి రెండు రోజులు ఉంచుకున్నాను. ఇక లాభం లేదు, చెప్పేస్తాను. అది కనిపెట్టింది కిరణ్. నేను చేసింది అడ్డం పడటం.

"రు అంటే మర్యాద. పన్నెండేళ్ల పిల్ల ముక్కు చీదారు అంటే జనం నవ్వుతారు."

"నవ్వనియ్యండి సర్. ఇన్నేండ్లు తక్కువైంది. ఒక్కసారి మర్యాద ఎక్కువైతే ఏమైతది?"

నేను పేపర్లు దగ్గరికి లాక్కుని నలభై పేజీల్లోనూ 'రు' పెట్టాను. అందుకే కిరణ్ గురించి కూడా 'అన్నారు' అనే రాస్తున్నాను. ఎదురుగా ఉన్నప్పుడు నువ్వు అంటాను, చాటున వారు అంటాను. మామూలుగా మనుషులు దీనికి ఉల్టా చేస్తుంటారు.

తప్పు చోట పెట్టిన పేజీ

జపనీస్ పుస్తకం కుడి వైపు నుంచి తెరవాలి. మనం ఆఖరు అట్ట అనుకునేది వాళ్ల మొదటి అట్ట. బొమ్మలు తిప్పేయడం నాకు ఇష్టం లేక, మూలంలో లాగే ఉంచాను. పాఠకుల కోసం కథకు ముందు ఒక పేజీ వేసి, పెద్ద అక్షరాలతో ఒక సూచన రాశాను: 'ఈ పుస్తకాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి.' క్యాంపస్ గేటు ఎదుట జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించాం. మొదటి కాపీ కిరణ్ తండ్రికి ఇచ్చారు.

వారం గడిచింది. సన్మానానికి పదకొండు రోజులు ఉన్నాయి. కిరణ్ ఫోన్ చేశారు.

"చదివిండు సర్. ఏమంటలేడు. మిమ్మల్ని ఆదివారం రమ్మన్నడు."

నేను ధైర్యంగా వెళ్లాను. అంటే, లాలాగూడలో ఆటో దిగి, ఎదురుగా ఉన్న హోటల్లో రెండు టీలు తాగి, అప్పుడు వెళ్లాను.

మీ మొదలు, నా మొదలు

మల్లేశం గారు మంచం మీద కూర్చుని ఉన్నారు. పుస్తకం ఒళ్లో ఉంది. చెవి మీద పెన్సిలు. పేజీల మూలల్లో టిక్కులు పెట్టి ఉన్నాయి. వర్క్‌షాప్‌లో డ్రాయింగ్ చూసేటప్పటి అలవాటట. వంటింట్లోంచి పోపు వాసన వస్తోంది. కిరణ్ వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నారు.

"సారు, గీ పుస్తకం ఎట్ల చదవాల్నో సూచన రాసింది మీరేనా?"

"నేనే."

"సూచన మొదట్ల ఉండాలె గదా."

"మొదట్లోనే పెట్టాను మల్లేశం గారూ."

"మీ మొదట్లనా, నా మొదట్లనా?"

ఆయన పుస్తకాన్ని మామూలు తెలుగు పుస్తకంలా ఎడమ నుంచి తెరిచారు. అట్ట మీద పేరు వెనక ఉంటే, జిరాక్స్ షాపువాడు అట్ట ఉల్టా పెట్టాడనుకున్నారు. రొట్టెల దుకాణంతో మొదలుపెట్టి, టిక్కులు పెట్టుకుంటూ, లంగా దాకా మొత్తం చదివారు. అప్పుడు ఆఖరి పేజీలో పెద్ద అక్షరాలతో కనిపించింది: కుడి నుంచి ఎడమకు చదవాలి. ఏ వైపు మొదలో చెప్పే పేజీని, ఆ సంగతి ముందే తెలిసిన వాళ్లకు మాత్రమే కనిపించే చోట పెట్టాను. ముప్పై నాలుగేళ్ల అనుభవం.

"అంత అయిపోయినంక చెప్తరా సారు?"

"తప్పు నాదే."

"తప్పు సంగతి కాదు. నేను చదివింది చెప్త, వినుండ్రి." ఆయన పుస్తకం తెరిచారు. "మొదట్ల ముద్ద మంచిగున్నడు. దుకాణమున్నది, దోస్తులున్నరు. వాళ్ల బాపు వచ్చి రొట్టె తినిపోయిండు. సక్కని బతుకు. పేజీ తిప్పితే దుకాణం పాయె. ఇంకోటి తిప్పితే దోస్తులు పాయె. బకెట్ల కాళ్లు కడుక్కునుడు, అన్నం తినకుండ పండుకునుడు. నవ్వు పాయె. ఆఖరికి గుంజుకొచ్చి లంగా తొడిగి బడికి తోలిండ్రు. నాకు మస్తు కోపమొచ్చింది సారు. మంచిగున్న మనిషిని పట్టుకొని గిట్ల జేస్తరా? అసొంటి అవ్వ, అయ్య ఎవలు అనుకున్న."

నేను పుస్తకం కోసం చెయ్యి చాపాను. ఆయన ఇవ్వలేదు.

"అప్పుడు మీ సూచన కనవడ్డది. మళ్ల అటు నుంచి చదివిన." ఆయన చూపించారు. ప్రతి పేజీకీ రెండు టిక్కులు ఉన్నాయి. "ఎటుకెల్లి చదివినా దుఃఖం గా లంగా కాడనే ఉన్నది. అయితే అక్కడ మొదలైతది, లేకుంటే అక్కడికే పోతది."

ఆయన ఇంకో రెండు పేజీలు తిప్పారు.

"ఇంకో మాట సారు. ఒక్క ముద్దకు గింత మర్యాదేంది? తిన్నరంట, ఏడ్చిండ్రంట, ముక్కు చీదిండ్రంట. ముద్ద ఏమన్న జనరల్ మేనేజరా?"

నేను నోరు తెరిచాను. వ్యాకరణం మీద గంట ఉపన్యాసం సిద్ధంగా ఉంది. కానీ గుమ్మం దగ్గర నుంచి కిరణ్ ముందే అన్నారు.

"ముద్దకు 'డు' పడది బాపు. 'ది' పడది. గందుకు."

మల్లేశం గారు పెన్సిలు చెవి మీద నుంచి తీసి పుస్తకంలో పెట్టారు.

"మరి నీకు?"

"నాక్కూడ."

ఆయన మొదటి పేజీ, అసలైన మొదటి పేజీ, తెరిచి లంగా బొమ్మను చాలాసేపు చూశారు. నాలుగో గడిలో ముద్ద తండ్రి వంగి, లంగా కుచ్చిళ్లు సరిచేస్తూ, గర్వంగా నవ్వుతున్నాడు.

"ఇది ఎవలు కొనుక్కొచ్చిండ్రు?"

"వాళ్ల బాపు," అన్నారు కిరణ్. "ప్రేమతోనే తెచ్చిండు."

"ఊ." పుస్తకం మూశారు. "నేను తెచ్చిన చీర ఏడున్నది?"

"బీరువాల."

"మీ అమ్మకు ఇయ్యి. ఆ రంగు ఆమెకే సక్కగుంటది." తర్వాత నా వైపు తిరిగి, "అన్నం తిని పోండ్రి సారు. ఆ సూచన పేజీ మాత్రం రెండు దిక్కుల పెట్టుండ్రి," అన్నారు.

ఇప్పుడు మా పుస్తకానికి రెండు వైపులా సూచన ఉంది. నేను మీకు ఇవ్వగల ఒకే ఒక్క వృత్తి సలహా అది. చదివే మనిషి ఎటు నుంచి వస్తారో మీకు తెలియదు. రెండు తలుపుల దగ్గరా చెప్పి ఉంచండి. మిగతాది వాళ్లు చూసుకుంటారు, ఒక్కోసారి మనకంటే బాగా.

చిన్న 'ర'

సన్మానానికి నన్నూ పిలిచారు. వర్క్‌షాప్ ఆవరణలో షామియానా, మూడు వందల కుర్చీలు. మూడు వందలు లేవు, అరవై ఉంటాయి. స్టేజి మీద మల్లేశం గారు, చిలకాకుపచ్చ చీరలో ఆయన భార్య, ఆమె పక్కన తెల్ల చొక్కా, నల్ల ప్యాంటులో కిరణ్. మెడలో తండ్రికి వేసిన దండలాంటిదే దండ.

అందరూ మాట్లాడాక మల్లేశం గారికి మైకు ఇచ్చారు. మైకు కుయ్యిమంది. ఆయన నాలుగు ముక్కలు మాట్లాడి, పక్కకు చెయ్యి చూపించారు.

"మా ఇంటామె. ఆ పక్కన మా కిరణ్. జపాన్ భాష చదివి, ఇయ్యాల్ల నా కోసం ఈడికి వచ్చిండ్రు."

నేను మూడో వరసలో కూర్చుని ఆ 'రు'ను స్పష్టంగా విన్నాను. కళ్లు చెమర్చాయి. లేచి చప్పట్లు కొట్టాను.

వినలేదు. సరిగ్గా అప్పుడే వెనక ఎక్కడో ఇంజన్ కూత వేసింది. నాకు వినపడింది 'వచ్చిం' వరకే. 'వచ్చిండు' అన్నారా, 'వచ్చింది' అన్నారా, 'వచ్చిండ్రు' అన్నారా తెలియదు. పక్కవాళ్లు చప్పట్లు కొడితే నేనూ లేచాను. రెండు రోజులు ఆగి, ఇక ఆగలేక కిరణ్‌కు ఫోన్ చేశాను.

"మీ నాన్నగారు స్టేజి మీద ఏమన్నారు? చివర 'ర' ఉందా?"

ఫోన్లో వెనక మల్లేశం గారు ఎవరినో అన్నానికి పిలుస్తున్న గొంతు వినిపించింది.

"ఉన్నది సర్," అన్నారు కిరణ్. "చిన్నగనే ఉన్నది. కానీ ఉన్నది."